వాగు దాటే పద్ధతి

కొండదారుల్లో, బురదల్లో జీపు నడపడం నేర్పే ఆయనను అందరూ జాగ్రత్త మాస్టారు అనేవారు. ఎదుటా అనేవారు, చాటునా అనేవారు. రెండు చోట్లా అర్థం ఒకటి కాదని ఆయనకు మాత్రం తెలియదు. ఆయన క్లాసు గోడ మీద "నిదానమే ప్రధానం" అని పెద్దక్షరాలతో రాసి ఉండేది. ఆలస్యం అమృతం విషం అన్న మాటకు ఆ గోడ మీద చోటు చాలలేదు కాబోలు.

పాఠం ఎప్పుడూ తమ్ముడితో మొదలయ్యేది. "మావాడు ఒకసారి వాగు కనబడగానే వెనకా ముందూ చూడకుండా జీపు దూకించాడు. బయటికి లాగడానికి ఊరంతా కదలాల్సి వచ్చింది. మీరు వాడిలా చేయకండి" అనేవారు. క్లాసంతా పగలబడి నవ్వేది. ఆ నవ్వు ఆ నోటా ఈ నోటా పడి తమ్ముడి చెవిన పడింది. అప్పటి నుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు.

ఆ ఉదయం మరదలు ఫోన్ చేసింది.

"బావగారూ, ఆయనకి గుండె ఆపరేషన్. మధ్యాహ్నం అంబులెన్సు వస్తుంది. పైకి అనరు గానీ, పొద్దుట్నుంచి కిటికీ దగ్గరే కూర్చున్నారు. ఒక్కసారి వచ్చి పలకరించి పోండి."

మాస్టారి మనసు నీరైపోయింది. తనకన్నా చిన్నవాణ్ణి క్షమించమని అడగడం నామోషీ అని కూడా అనిపించలేదు. చుట్టుదారిలో వెళ్తే పొద్దు వాలిపోతుంది. వాగు మీదుగా అడ్డదారి ఉంది. తోడుగా ఇంకో జీపు తెచ్చుకునే వ్యవధి లేక ఒంటరిగానే బయలుదేరారు.

వాగుకు అవతల, మెరక మీద తమ్ముడి ఇల్లు కనబడుతూనే ఉంది. రాత్రి వానకు నీళ్ళు అడుగు కనబడకుండా ఎర్రగా పారుతున్నాయి. ఇంకొకరైతే దేవుడి మీద భారం వేసి గేరు వేసేవారు. మాస్టారు ఇంజను ఆపి, ఫోను తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి సీటు మీద పెట్టి, కర్ర పుచ్చుకుని దిగారు. ఒంటరివాడు దిగబడితే లాగేవాడు ఉండడు, కాబట్టి ముందు నడిచి చూడాలి. అది పద్ధతి.

ఎడమ చక్రం వెళ్ళే దారిలో రాళ్ళూ గుంటలూ కర్రతో తడుముకుంటూ అవతలి ఒడ్డు ఎక్కి, తిరిగి వచ్చారు. కుడి చక్రానికి అన్యాయం చేయకూడదు కనుక మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చారు. మరి ఒడ్డు మీది బురద సంగతి? మూడోసారి వెళ్ళి, బురదలో కర్ర గుచ్చి చూసి, కొమ్మలు విరిచి చక్రాల దారిలో పరిచారు. అక్కడికి తమ్ముడి గేటు కూతవేటు దూరం. చక్రాల దారి మీంచి చూపు తిప్పకుండానే జీపు కోసం వెనక్కి వచ్చారు.

జీపు మునిగితే బయటపడే వీలుండాలని సీటు బెల్టు తీసి, అద్దాలు దించి, చిన్న గేరులో నీళ్ళలోకి దిగారు. ముందు చిన్న అల లేచింది. దాని వెనకే జీపు పిల్లిలా నడిచింది. నడిమధ్యలో గేరు మార్చలేదు, బురదలో చక్రం జారలేదు. చూసి నేర్చుకోవడానికి ఒక్క శిష్యుడైనా లేడే అని ఆయనకు కాస్త బాధ కలిగింది. ఒడ్డెక్కాక తడి ఆరేందుకు బ్రేకులు మెల్లగా నొక్కి చూసుకుని మరీ గేటు ముందు ఆపారు.

కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. మరదలు వరండాలో బట్టల సంచి సర్దుతోంది.

"అంబులెన్సు ఇందాకే వెళ్ళిపోయింది బావగారూ. పెద్దమ్మాయి వెంట వెళ్ళింది. మీరు వాగులో కనబడగానే 'అన్నయ్య వస్తున్నాడు, ఆగండి' అని ఆయనే దాన్ని ఆపించారు. మీరేమో ఒడ్డెక్కి వెనక్కి పోయారు. 'మొహమాటపడుతున్నాడేమోలే, వస్తాడు' అన్నారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ పోయారు. మూడోసారి కూడా మీరు తిరిగిపోయాక, ఇంక పోనివ్వమన్నారు."

"ఫోన్ చేయలేకపోయావా అమ్మా?"

"చేశానండి. ఎత్తలేదు."

మాస్టారు గేటు పట్టుకుని నిలబడ్డారు. "ఇంకేమైనా అన్నాడా?"

"ఇష్టం లేని మనిషిని నా కోసం ఇంకెప్పుడూ పిలవకు అన్నారు."

మాస్టారికి ఏడుపు వచ్చింది.

"ఇష్టం లేక కాదమ్మా. లోతు చూస్తున్నాను" అన్నారు.

మరదలు ఆయన పంట్లాం వంక చూసింది. అది మోకాళ్ళ దాకానే తడిసి ఉంది.