డెడ్ అని రాసిన ఇంజను

మాచర్ల షెడ్డులో ముప్పయ్యేళ్లు ఫిట్టరుగా చేసిన అబ్దుల్ మజీద్‌కు మొండిపట్టు ఎక్కువ. పొగబండ్ల కాలం అయిపోయిందని కబురొచ్చిన రోజు నుంచీ, ఒక్క ఇంజనన్నా మ్యూజియంలో పెట్టాలని అర్జీల మీద అర్జీలు పెట్టి పైవాళ్ల బుర్రలు తినేశాడు. చివరికి 1986 వేసవిలో వాళ్లే విసుగెత్తి సరేనన్నారు. షెడ్డులో మిగిలిన రెండు ఇంజన్లలో ఒకటి మ్యూజియానికి, రెండోది పాత ఇనుముకి.

బయలుదేరే రోజు పొద్దున్నే మజీద్ మ్యూజియానికి పోయే ఇంజన్లో నిప్పు దించేశాడు. నిప్పులేని ఇంజన్ని వేరే బండికి తగిలించి లాగాలంటే దాని పక్కన సుద్దముక్కతో ఇంగ్లీషులో 'డెడ్' అని రాయాలి. రైల్వేలో అది ఆచారం. చేతికి అలవాటైన పని గనుక పెద్దక్షరాలతో రాసేసి, అన్నానికి ఇంటికి పోయాడు.

తిరిగొచ్చేసరికి ఆ ఇంజను మీదే గ్యాస్ మంట చిమ్ముతోంది! పాత ఇనుము కోసే నాగయ్య, డ్రైవరు నిలబడేచోట రేకును అప్పటికే జానెడు కోసేశాడు.

"ఆపరా ఒరేయ్! దీన్ని ఎవరు కొయ్యమన్నారు?"

నాగయ్య బిత్తరపోయాడు. "చచ్చిందని మీరే రాశారు గదా సాయిబుగారూ! రెండిట్లో పనికిరాందాన్ని కొయ్యమన్నాడు మా మేస్త్రి."

ఏడాదిపాటు కాళ్లరిగేలా తిరిగి కాపాడుకున్నదాన్ని మజీద్ చేతిరాతే కోతకు అప్పజెప్పింది.

"మా దగ్గర డెడ్డంటే నిప్పు లేదని, అంతేరా."

"మా బడిలో చచ్చిందనే చెప్పారు. నన్నేం చెయ్యమంటారు?"

పాపం, వాడి తప్పేముంది? మజీద్ వాదన మానేసి, నాగయ్య చెయ్యి పట్టుకుపోయి బాయిలరు మీద ఆనించాడు. ఇంకా వెచ్చగా ఉంది.

"చచ్చినదాని ఒళ్లు ఇట్టా ఉంటదా?"

నాగయ్య చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత పోయి గ్యాస్ కట్టేసి, తలగుడ్డతో ఆ అక్షరాలు శుభ్రంగా తుడిచేశాడు.

మధ్యాహ్నం గూడ్సు బండి వచ్చింది. రాత లేకుండా తగిలించేది లేదని గార్డు భీష్మించుకున్నాడు. మజీద్ సుద్దముక్క తీసుకుని మళ్లీ రాశాడు. ఈసారి ఆ నాలుగక్షరాలకే అతని ప్రాణం ఉసూరుమంది.

అలా వేరే బండికి తగిలించిన ఇంజన్లో ఒక మనిషి తోడుండాలి. మజీదే ఎక్కాడు. కోసిన రేకు సందులోంచి ఎండ లోపల పడుతోంది. బండి కదిలింది. బాయిలరు మీద అరచెయ్యి వేసుకు కూర్చున్నాడు. గురజాల దాటింది, నడికుడి దాటింది, వెచ్చదనం తెలుస్తూనే ఉంది. సత్తెనపల్లికి వచ్చేసరికి చేతికింద ఉత్త ఇనుము మిగిలింది.

ఇంజను దక్కింది. రంగు వేస్తారు, పిల్లలొచ్చి చూస్తారు. కానీ ఇక దాంట్లో ఎవరూ నిప్పు వెయ్యరు. ఆ సంగతి అంతవరకూ తట్టనే లేదు అతనికి. చెయ్యి తియ్యకుండానే మజీద్ బావురుమన్నాడు.