ఊడ్చేవాళ్ళకు తెలిసిన ఇళ్ళు

పొద్దున్నే చీపురు పట్టుకుని సందులోకి వచ్చిన పెద్దక్క అక్కడే నిలబడిపోయింది. ఆరిళ్ళ తలుపులు విరిగి ఉన్నాయి. గుమ్మాల్లో బట్టలు, పగిలిన గిన్నెలు. లోపల మనిషన్నవాడు లేడు. మధ్య మధ్య ఉన్న మిగతా ఇళ్ళకు మాత్రం గీటు కూడా పడలేదు.

ఆ ఆరూ ఏటవతల నుంచి తాతల నాడు వచ్చినవాళ్ళవి. బయటివాళ్ళకు ఆనవాలు తెలిసే వీల్లేదు. చెప్పింది తనే.

మొన్న ఊడ్పు పనులు చేయించే మేస్త్రి నవ్వుతూ అడిగాడు. "చెత్త చూసి ఇంటి గుట్టు చెప్పేస్తావటగా పెద్దక్కా! ఏటవతలోళ్ళ ఇళ్ళేవి? పిల్లలకి చుక్కల మందెయ్యాలి." ఇరవై రెండేళ్ళ పనితనాన్ని ఒకరు మెచ్చుకున్నారని ఆమె పొంగిపోయింది. ఏటవతలోళ్ళ మగ్గాల నూలు పోగులు ఏ గుమ్మంలో పడతాయో, మంచం పట్టిన ముసలమ్మ ఏ ఇంట్లో ఉందో వేలు పెట్టి మరీ చూపించింది.

చీపుర్ల షెడ్డులో ఊడ్చేవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు ముప్ఫై మందీ పోగయ్యారు. మిగిలిన ఏడు సందుల్లో వాళ్ళ ఇళ్ళేవో అడగడానికి మేస్త్రి ఎనిమిదింటికి వస్తాడు.

"మనమేమైనా చంపామా? అడిగారు, చెప్పాం," అన్నాడు చెత్తబండి తోలే బావ.

"నేను చూపించాను, వాళ్ళు విరగ్గొట్టారు. రెండూ ఒకటే పని బావా."

"ఉద్యోగం ఊడితే నీ నీతులు వండుకు తినాలా వదినా?" అంది మరదలు.

"రేడియోలో వాళ్ళని పురుగులన్నారు," అంది పెద్దక్క. "విని నవ్వాం. ఇళ్ళేవన్నారు. చూపించాం. రాత్రి లారీలొచ్చి ఎత్తుకుపోయాయి. ఊరిలో సగం మందిని చంపడం ఒకడి వల్ల అయ్యే పనా? చూపించేవాడు కావాలి, రాసేవాడు కావాలి, లారీ తోలేవాడు కావాలి, తల తిప్పుకునేవాడు కావాలి. మనం నోరు మూస్తే వాళ్ళకి కళ్ళు లేవే!"

బావ లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "చెత్తబండి మూత ఎవడు తీసి చూస్తాడు? తోలేవాళ్ళు నాతో రండి. ఆ ఇళ్ళవాళ్ళని బండ్లలో వంతెన దాటించేస్తే అవతల వాళ్ళ మనుషులే."

ఎనిమిదింటికి మేస్త్రితోపాటు పోలీసు వ్యాను కూడా వచ్చింది.

"ఏ ఇళ్ళో చెప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. పెద్దక్క పలకలేదు. జుట్టు పట్టి వ్యానులోకి తోశారు.

"నువ్వు చెప్పు."

"మాకు చెత్తలో చెత్తే కనపడుతుందయ్యా," అని మరదలు తనే ఎక్కి వదిన పక్కన కూర్చుంది.

అప్పుడే మొదటి బండి మలుపు తిరిగింది. ఇన్‌స్పెక్టరు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. రెండో బండీ పోయింది. మూడోది వ్యాను పక్కకు వచ్చేసరికి మూత కింద నుంచి సన్నగా పసిబిడ్డ ఏడుపు వినిపించింది. అతను తల తిప్పబోయాడు.

"చెప్పం!" వ్యానులోంచి గొంతు చించుకుని అరిచింది పెద్దక్క. "చెప్పం!"

"చెప్పం! చెప్పం!" షెడ్డు ముందున్న గొంతులన్నీ లేచాయి. లాఠీలు భుజాల మీద పడ్డాయి, ఎముకలు విరిగాయి. ఆ ఏడుపు ఎవరి చెవినా పడలేదు. బండ్లు ఒక్కొక్కటే వంతెనెక్కాయి, దాటాయి.

వ్యాను కదిలి పోలీస్ స్టేషన్ చేరినా ఆ కేక ఆగలేదు.