మడమ మీద రాజం సార్

ముందే ఒప్పుకుంటాను, పూర్వ విద్యార్థుల సభలకు నేను సమోసాల కోసమే వెళ్తాను. షిరీన్ మాత్రం ఆ రోజు బూట్ల కోసం వెళ్లింది.

షిరీన్ గోదావరిఖని పిల్ల. యూనివర్సిటీ కాలేజీలో మైనింగ్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. వచ్చే నెల క్లాసంతా మొదటిసారి బొగ్గు గనిలోకి, గోదావరిఖని మాటలో బాయిలోకి, దిగుతోంది. కొలతకు సరిపోయే సేఫ్టీ బూట్లు లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. కాలేజీలో ఉన్నవన్నీ మగపిల్లల సైజులే. బజారంతా తిరిగినా దొరకలేదు. తయారుచేసే కంపెనీ ఒక్క జతకు ఆర్డరు తీసుకోదట.

సభలో పాత బ్యాచ్ పెద్ద, రిటైరైన గని మేనేజరు రాజం, కాలేజీ గేటు మీద ఆర్చిలా పెద్ద కమాను కట్టిస్తామని మైకులో ప్రకటించారు. దాని మీద దాతలందరి పేర్లూ బంగారు రంగులో. చప్పట్లు మోగాయి.

ఆయనకు బొకే ఇచ్చే పని షిరీన్‌ది. కావాలనే కాలేజీ బూట్లలో గుడ్డలు కుక్కి తొడుక్కుంది. స్టేజీ మెట్ల మీద ఒక బూటు ఆగిపోయింది, షిరీన్ ముందుకు వెళ్లిపోయింది.

"గిది బూటా, పడవనా బిడ్డా?" అన్నారు రాజం.

"బాయిల దిగాల్నంటే ఇవే ఉన్నయి సార్. కమాను బదులు మా ఆడపిల్లలకు బూట్లిప్పియ్యరాదు?"

"కమానైతే పేర్లుంటయి గదనే!"

"బూట్ల మీద గూడ రాయిస్తం సార్, మీ పేర్లు!"

అన్నాక నాలుక కరుచుకుంది. పెద్దమనిషి పేరు కాళ్లకు తొడుక్కుంటానంది, అదీ మైకు ముందు. 'హాయ్ అల్లా, ఇంక బాయి లేదు, బూట్లు లేవు' అనుకుంది.

ముందు వరుసలోంచి రాజం క్లాస్‌మేట్ నర్సింగం అరిచారు: "రాజం, ఈ పిల్ల నిన్ను రోజు తొక్కుతదిరో!"

రాజం పగలబడి నవ్వారు. "తొక్కనియ్‌రా! రిటైరైనంక నన్నెవడు దిగనిస్తుండు బాయిల? నా పేరన్న దిగుతది. మడమ మీద రాయించు బిడ్డా, ఎనకొచ్చేటోళ్లకు కనబడాలె. ఎడమ కాలుకు గా నర్సింగం పేరు ఎయ్యి!"

కమాను డబ్బు ఆడపిల్లలందరికీ బూట్లయింది; ఒక్క జత కాదు గనక కంపెనీ కూడా ఆర్డరు తీసుకుంది. నెల తిరిగాక షిరీన్ గనిలోకి దిగింది, పైకి రాగానే ఫోన్ చేసింది.

"సార్, మీ పేరుకు మస్తు బొగ్గంటింది."

"కడగకు బిడ్డా," అన్నారాయన.

మరి మీ కాలేజీకి పాత విద్యార్థులు ఏమిచ్చారు? కమానా, బూట్లా? నాకు రాసి పంపండి. సమోసాల సంగతులైనా సరే.