చేతులు మారిన నాడె

నేను ఒక నాడెను. మగ్గం మీద పేకపోగును ఈ అంచు నుంచి ఆ అంచుకు మోసుకుపోయే జానెడు కర్రముక్కను. ఇప్పుడు ఒక మ్యూజియంలో అద్దాల వెనక పడుకుని ఉన్నాను. నా కింద చీటీలో "పదమూడో శతాబ్దం, నేతగాడిది" అని రాశారు. రాసినవారిని తప్పు పట్టను. అయితే నన్ను పట్టుకున్న ఇద్దరిలో మొదట ఒకడే నేతగాడు.

నన్ను చెక్కింది పర్షియాకు తూర్పున ఉన్న ఖొరాసాన్‌లో, ఖుబానీ పండ్ల చెట్టు కర్రతో. చెక్కించుకున్నవాడు ఖుర్రం. పట్టులో బంగారు తీగ కలిపి నేసేవాడు. చేయి తిరిగినవాడు కాబట్టి అందరూ ఉస్తాద్ అని పిలిచేవారు. పెళ్ళాం పోయాక తమ్ముడు జియాతో ఒకే ఇంట్లో ఉండేవాడు. జియా మసీదు పక్క గదిలో పిల్లలకు అక్షరాలు నేర్పేవాడు.

"ఏరా జియా, పొద్దుటి నుంచి ఏం నేశావు?" అని ఖుర్రం రోజూ అడిగేవాడు.

"ఇరవై మందిని, అన్నయ్యా. ముగ్గురు చిక్కుపడ్డారు."

ఆ ఇరవై మంది సంగతి నేను చెప్పను.

ఆ వసంతంలో మంగోలులు వచ్చి ఊరిని చుట్టుముట్టారు. ఏడు రోజుల తరవాత కోట తలుపులు తెరిచి లొంగిపోవాలని పెద్దలు నిర్ణయించారు. ఎనిమిదో రోజు పొద్దున చాటింపు వేశారు. అందరూ ఊరి బయటి మైదానానికి రావాలి. చేతిపనివాళ్ళు తమ పనిముట్టు చేతపట్టుకుని రావాలి. వాళ్ళను వేరుగా నిలబెడతారు. మిగిలినవాళ్ళను ఏం చేస్తారో చాటింపులో లేదు. అయినా అందరికీ అర్థమైంది.

ఖుర్రం నన్ను మగ్గం మీద నుంచి తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"ఇది నాకెందుకన్నయ్యా?"

"పట్టుకో. ఎవడైనా అడిగితే నేతవాణ్ణని చెప్పు."

"మరి నీకో? గూట్లో ఇంకో నాడె ఉందిగా, తీసుకో."

ఖుర్రం నవ్వాడు. "నన్ను నాడె పట్టుకుని వీధిలో నడవమంటావా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? పని కోసం తిరుగుతున్నాననుకోరూ? నేనెవరో ఈ ఊళ్ళో కుక్కకు కూడా తెలుసురా."

అది మా ఊరి నేతగాళ్ళ పట్టింపు. పనిముట్టు చేతపట్టుకుని వీధిలో నడిచేవాడు కూలికి పని వెతుక్కునేవాడు. ఉస్తాద్ అయినవాడు వట్టి చేతులతో నడుస్తాడు, పనే వాడి ఇంటికి వస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఖుర్రం అలాగే నడిచాడు. ఆ రోజు కూడా మంచి తలపాగా చుట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, తమ్ముడి పక్కన అలాగే నడిచాడు.

మైదానంలో తివాచీ మీద ఒక రాతగాడు కూర్చుని ఉన్నాడు. మా భాష వచ్చినవాడే, కాని వేరే దేశం వాడు. అతని వెనక గుర్రాల మీద సైనికులు. అతనికి మా ఊళ్ళో ఏ కుక్కా పరిచయం లేదు. మొహాలు చూడకుండా చేతులే చూశాడు.

మాకు ముందు ఒక కంచరి నిలబడి ఉన్నాడు. అతని చేతిలో సుత్తి ఉంది. వెనకనున్న కుర్రవాడి చేతులు ఖాళీ. "వీడు మా అల్లుడయ్యా, వీడూ కంచరే, నేను పూచీ" అన్నాడు కంచరి. రాతగాడు ఆ కుర్రవాడి అరచేయి తిప్పి చూశాడు. ఆ చేతికి కాయలు లేవు. ఇద్దరినీ ఎడమ పక్కకు తీసుకుపోయారు. పనిముట్టు లేనివాళ్ళందరూ అటే.

జియా వంతు వచ్చింది. అతను నన్ను పైకెత్తి చూపాడు. "నేత," అన్నాడు. నన్ను చూసి రాతగాడు కుడి పక్కకు పొమ్మన్నాడు. జియా అరచేయి నా కింద ఉండిపోయింది.

తరవాత ఖుర్రం.

"నీ పనేమిటి? పనిముట్టేది?"

ఖుర్రం నోరు తెరిచాడు. అప్పుడు నా వైపు చూశాడు. నేను జియా చేతిలో ఉన్నాను. ఆ నాడె నాదే అంటే తమ్ముడు అబద్ధమాడినట్టు తేలుతుంది. నేనూ నేతవాణ్ణే అంటే ఇద్దరి చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఇదంతా ఆలోచించడానికి అతనికి ఒక్క ఊపిరి పట్టింది.

"నాకు పనిముట్టు ఉండదయ్యా," అన్నాడు. "పిల్లలకు చదువు చెప్పుకునేవాణ్ణి."

రాతగాడు ఎడమ పక్కకు చూపాడు. జియా గొంతులో "అన్న" వరకే వచ్చింది. పక్కనున్న ముసలి నేతగాడు తాహెర్ అతని నోరు గట్టిగా మూశాడు.

పోగు తెగినా చిన్న చప్పుడు అవుతుంది. అప్పుడు ఆ చప్పుడు కూడా కాలేదు. ఖుర్రం చేతులు వెనక్కి కట్టుకునే నడిచి వెళ్ళాడు. ఎనిమిది వందల ఏళ్ళు గడిచినా అది అంత తేలిగ్గా జరిగిందని నేను నమ్మలేకపోతున్నాను.

కుడి పక్కన నిలబడ్డవాళ్ళను తూర్పున ఉయ్ఘూర్ల పట్టణానికి నడిపించారు. ఐదు నెలల దారి. అక్కడి కార్ఖానాలో నేయలేడని తేలితే జియాకే కాదు, తెలిసీ దాచినందుకు తాహెర్‌కూ ప్రాణం దక్కదు. అందుకని దారిలో మజిలీ చేసినప్పుడల్లా తాహెర్ రెండు గుంజల మధ్య పడుగు కట్టి నేర్పేవాడు.

"మెల్లగా పంతులూ! ఇది పలక మీద అక్షరం కాదు, తుడిచి రాయడానికి."

"వేళ్ళు ఆడటం లేదు తాతా."

"ఆడతాయి. అంచును లాగకు. నాడెను పిట్టను వదిలినట్టు వదలాలి. నువ్వు రాయి విసురుతున్నావు."

మొదటి పరీక్షనాడు జియా నేసిన జానెడు బట్టను కార్ఖానా అధికారి వేలితో తడిమి చూశాడు. అంచు వంకరగా ఉంది.

"దారిలో చేయి పాడైందా?"

"అవునయ్యా," అన్నాడు జియా.

"సరే, బాగవుతుందిలే." అంతే. మనుషులు ఒక్కోసారి ఏమీ తెలియకుండానే దయ చూపుతారు.

పదకొండేళ్ళు గడిచాయి. జియా చేతులకు కాయలు కాశాయి. అతని బట్ట ఎంత బాగుండేదంటే, తొగోన్ అనే సేనానికి నిలువుటంగీ నేయమని అతనికే చెప్పారు. ఎనిమిది నెలలు నేశాడు. కుట్టించాక కొలత చూడడానికి నన్ను నడికట్టులో దోపుకుని గుడారానికి వెళ్ళాడు.

ఆ రోజు మైదానంలో రాతగాడి వెనక గుర్రం మీద ఉన్నది ఈ తొగోనే. జియా గుమ్మంలోనే గుర్తుపట్టాడు. అతని నడుం బిగుసుకోవడం నాకు తెలిసింది. తొగోన్ గుర్తుపట్టలేదు. ఇప్పుడు మోకాళ్ళు వాచిన ముసలివాడు. మనవరాలు ఆయన చేయి పట్టుకుని లేపింది.

"బాగా నేశావు," అన్నాడు అంగీలోకి చేతులు దూరుస్తూ. "ఎవరు నేర్పారు?"

"మా అన్న పెద్ద నేతగాడండి."

"ఇక్కడే ఉన్నాడా?"

"లేడండి."

"మీదే ఊరు?"

జియా ఊరి పేరు చెప్పాడు. తొగోన్ కళ్ళు చిట్లించి నిజంగానే జ్ఞాపకం తెచ్చుకోవడానికి చూశాడు. ఆయన మొహంలో కపటం లేదు.

"ఆ!" అన్నాడు ముసలాయన, మొహం వెలిగిపోయింది. "అక్కడి పుచ్చకాయలు! అంత తియ్యటివి మళ్ళీ ఎక్కడా తినలేదయ్యా. అవునా, కాదా?"

జియా ఆయన భుజం మీద మడత సరిచేశాడు.

"అవునండి," అన్నాడు. "తియ్యగా ఉండేవి."

కార్ఖానాకు తిరిగి వచ్చి మగ్గం గుంటలో కూర్చున్నాడు. పక్క మగ్గం నుంచి తాహెర్ తల తిప్పాడు.

"అంగీ సరిపోయిందా?"

జియా నన్ను నడికట్టులోంచి తీసి, పోగు చుట్టిన కొత్త కండె పెట్టాడు.

"భుజాల దగ్గర కొంచెం బిగువుగా ఉంది తాతా," అన్నాడు. "విప్పి మళ్ళీ కుట్టించాలి."