మెట్ల మలుపులో జమీందారు

నా మొగుణ్ణి నా కోడలు ప్లాస్టిక్ బిందెకు ఇచ్చేసింది.

ఇది నేను కోపం కొద్దీ అంటున్న మాట కాదు. మద్రాసు వ్యాసర్పాడిలో మా వీధి వీధంతా ఎరిగిన సంగతి. ఇంటికి వెల్ల వేసే రోజు, ఆయన పటం పగలకుండా పాత చీరలో చుట్టి మూలన పెట్టింది కనకవల్లి. అదే పూట పాత సామాన్లకు బిందెలిచ్చేవాడు వస్తే, సంగతి మరిచి ఆ మూటను విప్పి చూడకుండా వాడి చేతిలో పెట్టింది. ఆయనకున్నది ఆ ఒక్క ఫొటోనే. నేను పోయేలోగా ఆ మొహం ఇంకొక్కసారి చూడాలని నాకెంత ఆశో చెప్పలేను. అప్పటి నుంచి, ఇరవై ఏళ్లుగా, కోడల్ని సాధిస్తూనే ఉన్నాను. కూరలో ఉప్పెక్కువైతే ఫొటో, కుళాయిలో నీళ్లు రాకపోతే ఫొటో. సాధించడం నాకు బాగా చేతనైన పని, ఇష్టమైన పని కూడా.

మొన్న మా మనవరాలు రంజనికి ఆఫీసులో ఏదో బహుమతి వచ్చింది. జార్జిటౌన్‌లో పాత కాలపు మేడనొకదాన్ని హోటలుగా మార్చారట, అందులో ముగ్గురు ఒకరోజు ఉచితంగా ఉండవచ్చట. మా అబ్బాయికి ఎన్నూరులో డ్యూటీ. దాంతో వాళ్లమ్మనూ నన్నూ ఆటో ఎక్కించింది.

ఆ హోటలు చోద్యం చెప్పి తీరాలి. గోడలకు సున్నం పెచ్చులు ఊడి లోపలి ఇటుకలు కనిపిస్తున్నాయి. పాపం, బాగుచేయించుకునే తాహతు లేదేమో అనుకున్నాను.

“అవ్వా, కావాలనే అట్ల వదిలిండారు. అది స్టైలు,” అంది రంజని.

“ఆ స్టైలు మనింట్లో ఎప్పట్నించో ఉండాది కదే! దుడ్డిచ్చి చూసినోడు ఒక్కడన్నా ఉండాడా?”

“సుమ్మా ఇరు అవ్వా, గమ్మునుండు, వింటారు!” అని నా చెయ్యి గిల్లింది.

గదిలో మంచం ఎంత ఎత్తంటే, ఎక్కడానికి పక్కన పీట వేశారు. గది నడుమ, తెరా తలుపూ లేకుండా, స్నానాల తొట్టి! నట్టింట్లో నీళ్లు పోసుకునే మనుషులెవరమ్మా అని బుగ్గలు నొక్కుకున్నాను. కనకవల్లి మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని ఆ ఎర్ర గచ్చు మీద పిల్లిలా నడుస్తోంది. మాసిపోతుందని దాని బెంగ.

సాయంత్రం కాఫీకి కిందికి దిగుతూ మెట్ల మలుపులో ఆగిపోయాను. గోడ మీద నా మొగుడు!

పెద్ద గుండీల నల్ల కోటు, చేతిలో పొన్నుకర్ర, వెనుక తెర మీద రాజభవనం, దాని ముందు రెండు హంసలు. మా పెళ్లయిన ఏడు పురసవాక్కంలో ఒక స్టూడియోకు పోయి తీయించుకున్న ఫొటో. పటం కింద చిన్న పలక ఉంటే రంజని చదివింది. ‘జమీందారు, 1930 ప్రాంతం. పులివేటలో దిట్ట.’

“పులా!” అన్నాను. “పందికొక్కు కనబడితే మంచమెక్కి నిలబడే మనిషే ఆయన!”

నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. గూడ్స్ షెడ్డులో మూటలు మోసిన మనిషిని పట్టుకుని జమీందారంటారా! ఇన్నాళ్లూ ఈడ మేడలో హాయిగా కూర్చున్నావా అని ఆయన్నీ నాలుగు తిట్టాను. గొంతు కొంచెం పెద్దదే నాది. కాఫీ తాగుతున్న దొరలూ దొరసానులూ తలలెత్తి చూశారు. కనకవల్లి పైమెట్టు దగ్గరే నిలబడిపోయింది, దగ్గరికి వస్తే ఏమంటానో అని.

మేనేజరు ముఖేష్ పరుగెత్తుకొచ్చాడు. గుంటూరు పిల్లాడు, మర్యాదస్తుడు.

“మామ్మగారూ, కాస్త నెమ్మదండీ. ఇవన్నీ పాత సామాన్ల కొట్లో కొన్న ఫొటోలు. ఎవరివో మాకూ తెలీదు.”

“తెలీకుండానే జమీందార్ని చేసినారా?”

“అలా రాస్తే గెస్టులు ఇష్టంగా చూస్తారండీ,” అన్నాడు తల గోక్కుంటూ. మంచివాడు, అప్పటికప్పుడే ఓనరుకు ఫోన్ చేశాడు. “మీ ఇంటాయనే అయితే తీసుకెళ్లమన్నారండీ.”

ఆ మాట వినగానే నేల మీద కాలు నిలవలేదు. ఇంటికి తీసుకుపోయి ఏ గోడకు తగిలించాలో కూడా ఆలోచించేశాను. అంతలో పైఅంతస్తు వరండాలోంచి రంజని కేక వేసింది.

“అవ్వా! ఈడ ఇంకో తాత ఉండాడు!”

ఆ వెనకాలే ఇంకో కేక. “అయ్యయ్యో, మూడో తాత కూడా ఉండాడు!”

ముఖేష్ మూడు పటాలూ దింపించి హాల్లో బల్ల మీద వరసగా, మెట్ల మలుపుది మొదట, పెట్టించాడు. అదే కోటు, అదే కర్ర, అవే హంసలు. ముగ్గురూ బక్కగా ఉన్నారు, ముగ్గురికీ మీసాలున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఆ స్టూడియోలో ఉన్నది ఒకటే కోటు. ఫొటోకు వచ్చిన ప్రతి కూలివాడికీ దాన్నే తొడిగేవాళ్లు.

“ఈ ముగ్గుర్లో మీవారెవరండీ?” అడిగాడు ముఖేష్.

కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. తీసి మళ్లీ పెట్టుకుని చూశాను. నాకు తెలియలేదు.

ఆయనతో నా కాపురం ఆరేళ్లు. జ్వరం వచ్చి పోయాడు. తర్వాత చీకటితో పనికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరే బతుకు నాది. పైగా చంటిబిడ్డతో నన్ను నడిమధ్యలో వదిలి పోయాడని ఆయన మీద మండిపాటు. ఆ పటం గోడ మీదున్నన్నాళ్లూ దాని వంక తలెత్తి చూసింది లేదు. పటం పోయిన తర్వాతే దాని మీద ప్రేమ పొంగుకొచ్చింది. నేను గుర్తుపెట్టుకున్నది ఆ కోటునే. ఏదో ఒకటి చూపించేసి పరువు దక్కించుకుందామా అనిపించింది.

కనకవల్లి ఎప్పుడు వచ్చిందో, బల్ల దగ్గర నిలబడి ఉంది. కొంగు చివర తీసుకుని పటాల అద్దాలు తుడవడం మొదలుపెట్టింది. మొదటిది తుడిచింది, జరిపింది. రెండోదీ అంతే. మూడోదాని మీద దాని చెయ్యి ఆగింది.

“ఇదత్తా,” అంది మెల్లగా. “ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉండాదే, చూడు. కాపురానికి వచ్చిన కొత్తలో మరక అనుకుంటి. పొద్దున్నే పువ్వు పెట్టేటప్పుడు రుద్ది రుద్ది తుడిచేదాన్ని. పోలేదు.”

వంగి చూశాను. గాటు! పెళ్లయిన కొత్తలో, షెడ్డులో మూటల కొక్కెం తగిలి నెత్తురోడుతూ వస్తే నా చేత్తోనే పసుపు అద్దాను. మంట మంట అని పిల్లాడిలా అరిచాడు. ఆ అరుపుతో పాటు మొహమంతా తిరిగొచ్చింది. ఆ కళ్లూ, ఆ పెదవీ, అన్నీ ఆయనవే. బల్ల అంచు పట్టుకున్నాను.

మరుక్షణమే ఇంకోటి తట్టింది.

“అడి పావీ! అయితే మెట్ల మలుపులో ఎవురి మొగుణ్ణి పట్టుకొని ఏడిస్తిని నేను?”

రంజని పొట్ట పట్టుకుని నవ్వింది. కనకవల్లి నవ్వలేదు. ఇప్పుడేమంటానో అని నా మొహమే చూస్తోంది. ఆ చూపు చూస్తే నా మీద నాకే సిగ్గేసింది.

ముఖేష్‌కు మాత్రం ఎటూ తేలలేదు.

“మామ్మగారూ, ఏమనుకోకండి. ఇందాక ఆయనన్నారు, ఇప్పుడు ఈయనంటున్నారు. ఓనరుకు నేను జవాబు చెప్పుకోవాలి. ఖచ్చితంగా ఈయనేనాండీ?”

“నన్నెందుకు నాయనా అడగతావు?” అన్నాను. “ఆయన మొహం మా ఇంట్లో సరిగ్గా చూసింది మా కోడలే. దాన్ని అడుగు.”