ఆపిల్ పండు పోలిక

మా అమ్మాయిని నవమాసాలు మోసి కన్నది నేను. పోలిక మాత్రం మా అత్తగారు కొట్టేశారు. పొత్తిళ్ళలో పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్ళు మొదలుపెట్టారు, "అచ్చు గుద్దినట్టు నాయనమ్మే!" అని. ఇప్పటికీ ఆపలేదు. ఆ నిటారు ముక్కు, ఆ కోల గడ్డం, అన్నీ అటువైపువే. కుట్టింది నేను, లేబుల్ వాళ్ళది. అత్తగారు పోయి చాలాకాలమైనా హాల్లో ఫొటోలోంచి నావైపు చూసి నవ్వుతూనే ఉంటారు.

నేను దర్జీని. వీధివైపు గదిలో మిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం పెట్టుకుని ఆడవాళ్ళ బట్టలు కుడతాను. రోజూ తల్లులు కూతుళ్ళను వెంటపెట్టుకుని వస్తారు. ఒకే మూతి, ఒకే నడుము, ఒకే గొణుగుడు. కొలతలు తీస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. నాకు చిటికెనవేలి గోరంత పోలికైనా దక్కలేదు.

మా మనవరాలిని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. ఒకచోట నిలవదు, ఒక మాట చివరిదాకా వినదు. ఓ రోజు బడి నుంచి వస్తూనే నా మిషను మీద పెద్ద ఆపిల్ పెట్టింది.

"అమ్మమ్మా, దీంతో అమ్మ బొమ్మ చేద్దాం. మా క్రాఫ్ట్ టీచర్ చెప్పారు. తొక్క తీసి, మొహం చెక్కి, నిమ్మరసం, ఉప్పు కలిపిన నీళ్ళలో ముంచి, గాలికి ఆరబెట్టాలట."

"ఆరితే ఏమవుతుందే?"

"బొమ్మవుతుంది!"

మా అమ్మాయి సరుకుల రైలు నడుపుతుంది. వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆ సిగ్నళ్ళకే తెలియాలి. ఈసారి వచ్చేసరికి బొమ్మ చేతిలో పెట్టాలని పిచ్చుక పంతం. చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. సరేనన్నాను.

తొక్క నేను తీశాను. చెక్కింది పిల్లే. అమ్మ ఫొటో ఎదురుగా పెట్టుకుని, నాలుక బయటపెట్టి, చెంచా కొసతో కళ్ళకు గుంటలు తవ్వింది, బుగ్గలు గీకింది. నిజం చెప్పొద్దూ, ఆ ముక్కు కాస్త నొక్కి నా ముక్కు పెట్టేద్దామని నా చెయ్యి దురదపెట్టింది. కానీ నేను కొలతకు కట్టుబడ్డ మనిషిని. ఎవరి బట్ట వాళ్ళ కొలతకే కుట్టాలి. మొహం మీద చెయ్యి వెయ్యలేదు.

కళ్ళ గుంటల్లో మిరియాలు గుచ్చేసరికి మా అమ్మాయే వచ్చి కూర్చున్నట్టుంది. అంటే మా అత్తగారన్నమాట. దారం కట్టి కిటికీ చువ్వకు వేలాడదీశాం.

కొన్నాళ్ళకు నుదురు ముడతలు పడింది. తర్వాత బుగ్గలు లోపలికి పోయాయి. పిచ్చుక చూసి బావురుమంది.

"అమ్మ ముసలిదైపోయింది!"

"టీచర్ ఇంకేమైనా చెప్పారా?"

"ఏదో చెబుతున్నారు. నేను ఆపిల్ కోసం పరిగెత్తాను."

మా ఇంట్లో ఎవరికీ చివరిదాకా వినే అలవాటు లేదు. పిల్లననడం దేనికి? గుడ్డ తడిపి ఆరబెడితే గానీ కత్తెర వెయ్యని దాన్ని, పండు ఎండితే ముడుచుకుపోతుందని నాకైనా తట్టొద్దూ?

"ఇస్త్రీ చెయ్యి అమ్మమ్మా," అంది ఎక్కిళ్ళ మధ్య.

"చేస్తే జామ్ అవుతుంది."

దాని ఏడుపు చూడలేక నా ముడతల క్రీము తెచ్చి పండుకు పట్టించాను. రోజూ పొద్దున నాకో వేలు, దానికో వేలు. ఇద్దరికీ సమానంగా పనిచేసింది. అంటే చెయ్యలేదు.

నా భయం వేరే ఉంది. మా అమ్మాయి మొహం ముసలిదైతే ఏమవుతుంది? అత్తగారవుతుంది. ఇన్నేళ్ళూ హాల్లో ఉన్న మనిషి ఇక నా కుట్టుగదిలోకీ దిగుతారు. నా నెత్తిన వేలాడుతూ నా కుట్లకు వంకలు పెడతారు. బొమ్మను గోడవైపు తిప్పేశాను. పిచ్చుక ఇటు తిప్పింది. నేను అటు తిప్పాను. చివరికి దానికి క్రీము రాయడం, తలెత్తి చూడ్డం కూడా మానేశాను. తీగతో ఒళ్ళు, తెల్ల ఊలుతో జుట్టు పిల్లే పెట్టుకుంది. గౌను మాత్రం నేను కుట్టాను, మెడ కొలత దాని చేతే చెప్పించుకుని.

మా అమ్మాయి వచ్చిన రోజు నేను పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని ఓ గౌను అంచు మడుస్తున్నాను. బూట్లయినా విప్పకముందే పిచ్చుక ఎదురెళ్ళింది, చేతులు వెనక్కి పెట్టుకుని.

"అమ్మా, తిట్టకూడదు. నిన్నే చేశాను. ఎండిపోయావు."

మా అమ్మాయి బొమ్మను అందుకుని చూసింది. నావైపు చూసింది. ఫక్కున నవ్వింది.

"నాన్నా, ఒకసారి ఇటు రా!"

బొమ్మను తెచ్చి నా మొహం పక్కన పెట్టింది. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"ఒక్కదానితోనే వేగలేక చస్తున్నాను," అన్నారు. "ఇద్దరయ్యారా?"

నోట్లో సూదులు, తిట్టడానికి లేదు. ఉమ్మినంత పనిచేసి వాటిని తీసి, బొమ్మను లాక్కుని నిలువుటద్దం ముందుకు వెళ్ళాను. ముక్కు కూలబడింది. గడ్డం పైకొచ్చింది. మూతి ఒక పక్కకు బిగుసుకుపోయింది, అచ్చం సూదులు పట్టుకున్నప్పటి నా మూతిలా. అది అత్తగారు కాదు. నేనే.

"నువ్వేమైనా చెయ్యి పెట్టావా?" అన్నారు మా ఆయన అనుమానంగా.

"చెక్కిందంతా నేనే తాతయ్యా," అంది పిచ్చుక. "అమ్మమ్మ క్రీము రాసిందంతే."

మా అమ్మాయి వచ్చి అద్దంలో నా పక్కన నిలబడింది. ఎంతైనా దర్జీ కూతురు.

"అయితే అమ్మా, పై గుడ్డే నాయనమ్మది. లైనింగంతా నీదే."

నాకు ఏడుపొచ్చేసింది. సూది గుచ్చుకుందని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఇన్నేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం మొహం వాచిపోయి ఉన్నాను మరి.

"అయితే ఇది నీ బొమ్మ కాదా?" అంది పిచ్చుక దిగులుగా.

"నాదేనే. టైముకన్నా కాస్త ముందొచ్చింది, అంతే. ఇంజన్లో నా పక్కనే పెట్టుకుంటాను," అంది మా అమ్మాయి.

హాల్లోకి వెళ్ళి ఫొటో ముందు నిలబడ్డాను. "చూశారా అత్తయ్యగారూ," అన్నాను. ఆవిడ ఎప్పటిలాగే నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున అలవాటుగా క్రీము డబ్బా మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను. మా అమ్మాయికి చేరాల్సిన ముడతలు, మధ్యలో నేను పాడుచేయడం దేనికి?