స్విచ్ దగ్గరి జోడీ

ఇండోనేషియాలోని సురబాయా కాలేజీలో పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబుకి ఒక కట్టుబాటు ఉంది. వైరు ముట్టుకునేవాళ్లు "ఆపావా?" అని అడగాలి. స్విచ్ దగ్గరున్న తమ జోడీ "ఆపాను" అన్నాకే చెయ్యి పెట్టాలి.

వెనింగ్ జోడీ గలూ అంత మర్యాదగా ఏనాడు చెప్పింది గనక! "ఆపానే మహాతల్లీ! నువ్వు చస్తే రిపోర్టంతా నేనొక్కదాన్నే రాసి చావాలి" అనేది.

పోయిన వారం వానలో గలూ బండిని లారీ గుద్దేసింది. పిల్ల అక్కడికక్కడే పోయింది.

ఇవాళ రెక్టిఫయర్ మీదికి వంగిన వెనింగ్ అలవాటుకొద్దీ, తలెత్తకుండానే "ఆపావా?" అంది. గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి. హర్జో మాస్టారు గబగబా వచ్చి స్విచ్ కట్టేసి, "ఆపానమ్మా" అన్నారు.

ఆ మాట వినబడింది. దాని వెనకే రావలసిన తిట్టు కోసం వెనింగ్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.